మిద్దె తోటలో క్యారెట్, సెలరీ: రకాన్ని తేల్చేది చలి రోజులు

క్యారెట్‌నూ సెలరీనీ విత్తనం నుంచి ఎలా పెంచాలని అడిగేవారికి నేను మట్టి సంగతి తర్వాత చెబుతాను, ముందు క్యాలెండరు చూడమంటాను. హైదరాబాదులో మిద్దె మీద ఈ రెండూ పండుతాయా లేదా అన్నది మట్టి కంటే, ఎరువు కంటే ముందే మనకు దొరికే చలి రోజులను బట్టి తేలిపోతుంది. ఇక్కడ అక్టోబరు చివరికి గాని రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి దిగడం మొదలుకాదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండి మధ్యాహ్నానికి 28 దాకా ఎక్కుతుంది. ఫిబ్రవరి సగం దాటాక మధ్యాహ్నాలు 30 దాటిపోతాయి, మార్చికి వేసవి వచ్చేసినట్టే. అంటే చల్లదనం కోరే మొక్కకు మనం ఇవ్వగలిగింది మూడున్నర నెలలు, మహా అయితే నాలుగు. క్యారెట్ రకాలు విత్తిన 70 నుంచి 110 రోజుల్లో గడ్డకు వస్తాయి కాబట్టి ఆ గడువులో ఇముడుతాయి. లావుపాటి కాడల కోసం పెంచే సెలరీకి విత్తిన నాటి నుంచి కోత దాకా ఐదారు నెలలు పడుతుంది కాబట్టి అది ఇమడదు. ప్యాకెట్ మీది బొమ్మ ఎంత ఊరించినా, ఈ తీసివేత లెక్క వేసుకోకుండా రకాన్ని ఎంచుకోకూడదన్నది నా అభిప్రాయం.

ఈ రెండూ కొత్తిమీర కుటుంబంలోని మొక్కలు. జీలకర్ర, సోంపు, వాము, సోయికూర కూడా ఆ కుటుంబానివే. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లడం మన ఇళ్లలో అందరూ చేసే పనే. క్యారెట్ విత్తనమని మనం కొనేది కూడా అటువంటి బద్దే, అంటే ఒక కాయలో సగం. తల్లి మొక్క మీద ఉన్నప్పుడు ఆ బద్దకు సన్నని ముళ్లు ఉంటాయి. అవి ఒకదానికొకటి చిక్కుకుని విత్తడానికి ఇబ్బంది పెడతాయి కాబట్టి, విత్తన కంపెనీలు రాపిడితో వాటిని తీసేసి నున్నగా చేశాకే ప్యాకెట్లలో నింపుతాయి. సెలరీ విత్తనం ఇంకా చిన్నది. గ్రాముకు క్యారెట్ విత్తనాలు సుమారు 800 తూగితే సెలరీ విత్తనాలు సుమారు 2,500 తూగుతాయి. సెలరీ ఒక గ్రాము కొన్నవారు అపార్టుమెంటులో అందరికీ పంచినా ఇంకా మిగులుతుంది.

ఈ కుటుంబపు విత్తనాలు ఆలస్యంగా మొలవడానికి కారణం వాటి లోపలి పిండంలోనే ఉంది. విత్తనం పండి రాలే నాటికి ఆ పిండం ఇంకా పూర్తిగా ఎదగదు. తడి తగిలాక అది చుట్టూ ఉన్న ఆహారాన్ని తీసుకుంటూ విత్తనంలోనే కొంత పెరిగి, ఆ తర్వాతే వేరును బయటికి పంపుతుంది. బెండ, చిక్కుడు నాలుగైదు రోజుల్లో పైకి రావడం చూసిన కళ్లకు ఇది చాలా నెమ్మదిగా అనిపిస్తుంది. క్యారెట్‌కు 8 నుంచి 15 రోజులు, సెలరీకి రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. పదో రోజున కుండీ తిరగదోడి అందులో పాలకూర చల్లేసేవారిని నేను ఎరుగుదును. వారిలో చాలామంది విత్తనం మంచిది కాదని దుకాణదారును నిందిస్తారు.

ముందు క్యారెట్ సంగతి చూద్దాం. మొలకెత్తే దశలో దానికి వేడి మరీ శత్రువేమీ కాదు. 20 నుంచి 28 డిగ్రీల మధ్య చక్కగా మొలుస్తుంది, 35 దగ్గరికి వచ్చేసరికి మొలక శాతం బాగా పడిపోతుంది. గడ్డ ఊరే దశలో మాత్రం పగలూ రాత్రీ కలిపిన సగటు 15 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటేనే రంగు నిండుగా తేలుతుంది. ఆ సగటు 25 దాటితే రంగు పాలిపోవడం, గడ్డ పొట్టిగా మిగలడం, వాసన ఘాటెక్కడం కనిపిస్తాయి. అందువల్ల అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు చివరి దాకా విత్తితే మొలక కాస్త వెచ్చగా ఉన్నప్పుడు వస్తుంది, గడ్డ డిసెంబరు, జనవరి నెలల్లో ఊరుతుంది. ఊటీ సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉండటం వల్ల అక్కడి రైతులకు ఈ లెక్కల అవసరం లేదు. మన మార్కెట్లోకి ఏడాది పొడవునా ఊటీ క్యారెట్ వస్తుండటంతో, దీనికి ఒక కాలమంటూ ఉందన్న సంగతినే నగరంలో చాలామంది మరిచిపోయారు.

రకాలను రెండు గుంపులుగా చూడటం అలవాటు చేసుకుంటే మిగతా నిర్ణయాలు తేలిక అవుతాయి. క్యారెట్ సాగు వెయ్యేళ్లకు పూర్వం మధ్య ఆసియాలో, ఇప్పటి అఫ్గానిస్థాన్ పరిసరాల్లో ఊదా, పసుపు రంగు గడ్డలతో మొదలైంది. అక్కడి నుంచి తూర్పుకు వచ్చినవి ఎర్రగా, నల్లగా, ఊదాగా కొనసాగాయి. పడమరకు వెళ్లినవాటి నుంచి నారింజ రంగు గడ్డలు వచ్చి, 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డాయి. మొదటి గుంపును మనవాళ్లు ఆసియా రకాలని, రెండో గుంపును యూరప్ రకాలని అంటారు. ఆసియా రకాలు వేడిని కొంత ఓర్చుకుంటాయి, గడ్డ పొడవుగా దిగుతుంది, రసం ఎక్కువగా ఉంటుంది. యూరప్ రకాలు చలిని గట్టిగా కోరుతాయి కానీ గడ్డ తీరుగా, మధ్య ఈనె సన్నగా ఉంటుంది. ఈ రెంటి మధ్య మరో పెద్ద తేడా పూత విషయంలో ఉంది, దాన్ని విత్తనం కట్టుకోవడం దగ్గర చెబుతాను.

యూరప్ గుంపులో మనకు సులువుగా దొరికేది నాంటిస్. ఫ్రాన్స్‌లో లోయర్ నది ఒడ్డున ఉన్న నాంట్ నగరం పేరు మీద వచ్చిన ఈ రకం గడ్డ పైనుంచి కిందిదాకా ఒకే లావుతో, మొద్దు కొసతో, సుమారు 15 సెంటీమీటర్లు దిగుతుంది. పచ్చిగా కొరికి తినడానికి దీన్ని మించినది లేదు. కానీ హైదరాబాదు చలికాలం దీని అంచనాకు తక్కువే. జనవరి గట్టిగా చల్లగా ఉన్న ఏడాది బాగా వస్తుంది, లేని ఏడాది వేలెడంత దగ్గరే ఆగిపోతుంది. నాంట్ పక్క ఊరి పేరుతోనే ఉన్న చాంటెనీ రకం భుజాలు వెడల్పుగా, కింద కొస తేలి, పొట్టిగా ఉంటుంది. లోతు తక్కువ ఉన్న కుండీలకు, కాస్త బరువైన మట్టికి ఇది తగినది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డాన్వర్స్ ఊరి రకం కూడా బరువు నేలలను ఓర్చుకోవడానికే పేరు పొందింది. అడుగు పొడవు దాకా సన్నగా దిగే ఇంపరేటర్ తరహా క్యారెట్లకు లోతైన ఇసుక నేల ఉండాలి గనుక మిద్దె మీద వాటి జోలికి పోనవసరం లేదు. పిల్లలున్న ఇళ్లవారికి నేను పారిస్ మార్కెట్ అనే గుండ్రటి రకాన్ని సూచిస్తాను. నిమ్మకాయంత గడ్డ ఆరంగుళాల లోతు తొట్టిలో కూడా ఊరుతుంది. దిగుబడి కోసం చూసేవారికి మాత్రం అది నిరాశే మిగులుస్తుంది.

ఈ నగరంలో ఒక్కటే రకం వేయమంటే నేను కురోడా వేస్తాను. జపాన్‌లో రూపొందిన ఈ నారింజ రంగు రకం వెచ్చని ప్రాంతాల్లో బాగా వస్తుందని ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. ఆకారంలో చాంటెనీకి దగ్గరగా ఉంటుంది, 80 నుంచి 90 రోజుల్లో తీయవచ్చు, ఫిబ్రవరి మొదట్లో ఎండ పెరిగినా రంగు అంతగా చెడదు. నాంటిస్ అంత తీపి లేదన్న మాట నిజమే. వండుకునే కూరకు, సాంబారుకు, పచ్చడికి ఆ తేడా పెద్దగా తెలియదు.

ఆసియా గుంపులో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన రకాలే ముఖ్యమైనవి. పూసా కేసర్ స్థానిక ఎర్ర రకానికీ నాంటిస్‌కూ జరిపిన సంకరం నుంచి వచ్చింది. పూసా మేఘాలి నారింజ రంగులో ఉన్నా ఆసియా స్వభావం కలది, వేడిని ఓర్చుకోవడం వల్ల కొంచెం ముందుగా విత్తడానికి పనికొస్తుంది. పూసా రుధిర పూర్తి ఎరుపు, టమాటాకు ఆ రంగునిచ్చే లైకోపీనే దీనికీ ఎరుపునిస్తుంది. పూసా ఆసిత నలుపు. చలికాలంలో తోపుడు బండ్ల మీద హల్వా కోసం అమ్ముడయ్యే పొడుగాటి ఎర్ర గాజరలను ఇంట్లో పండించుకోవాలనుకునేవారికి రుధిర సరైనది. కాకపోతే దానికి కనీసం 40 సెంటీమీటర్ల లోతైనా ఉండాలి. సగానికి కోసిన నీళ్ల డ్రమ్ము సరిపోతుంది, మామూలు గ్రో బ్యాగు సరిపోదు. నల్ల రకంలోని రంగు నీటిలో కరిగే తరహాది కాబట్టి కూరలో వేస్తే కూరంతా, అన్నంలో కలిపితే అన్నమంతా ఊదాగా మారుతుంది. ఉత్తరాదివారు దానితో కాంజీ అనే పులియబెట్టిన పానీయం చేసేది ఆ గుణం వల్లనే. పుల్లటి ఆవ ఘాటు ఇష్టపడే మన నాలుకకు కాంజీ కొత్తగా అనిపించదు.

విత్తే పద్ధతి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు గాని, కొన్ని సంగతుల్లో పట్టుదలగా ఉండాలి. క్యారెట్‌కు నారు పోయకూడదు. మొలక నుంచి నేరుగా కిందికి దిగే తల్లి వేరే మనం తినే గడ్డ అవుతుంది కాబట్టి, నారు పీకినప్పుడు ఆ వేరు కొస తెగితే గడ్డ రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. మట్టిలో రాళ్లు ఉన్నా, మాగని పశువుల ఎరువు వేసినా అదే జరుగుతుంది. ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, బాగా మాగి జల్లెడ పట్టిన ఎరువు కలిపి గుల్లగా నింపుకోవాలి. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి గడ్డ చుట్టూ వెంట్రుకల వంటి పీచు వేళ్లు కమ్ముతాయి. అందువల్ల వర్మీ కంపోస్టు మీద ఎంత ప్రేమ ఉన్నా ఇక్కడ చెయ్యి బిగించాలి. విత్తనాన్ని నాలుగింతల పొడి ఇసుకతో కలిపి, జానెడు దూరంలో గీసిన సన్నని గాడుల్లో చల్లి, అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మందాన మట్టి కప్పితే చాలు.

అసలు పరీక్ష ఆ తర్వాతి రెండు వారాల్లో ఉంటుంది. పై పొర ఒక్క మధ్యాహ్నం ఎండినా మొలక దెబ్బతినే ప్రమాదం ఉంది. తడిపిన గోనెపట్టాను మట్టి మీద పరిచి, రోజుకు రెండుసార్లు దాని మీదనే చిన్న రంధ్రాల క్యానుతో నీళ్లు చల్లుతూ, ఆరో రోజు నుంచి ఉదయం పూట పట్టా ఎత్తి చూస్తూ ఉండాలి. పచ్చని దారాల వంటి మొలకలు కనిపించిన పూటే దాన్ని తీసేయాలి. ఇంకో రోజు చూద్దామంటే మొలకలు పట్టాలోకి అల్లుకుని దానితో పాటే ఊడివస్తాయి. గాడిలో అక్కడక్కడ గుండ్రటి ఎర్ర ముల్లంగి విత్తనం వేయడం పాత కిటుకు. అది నాలుగు రోజుల్లో మొలిచి గాడి ఎక్కడుందో చూపిస్తుంది, పై పెచ్చును పగలగొడుతుంది, క్యారెట్‌కు చోటు కావలసిన వేళకు కూరగా వెళ్లిపోతుంది.

మొలకలు రెండంగుళాలు పెరిగాక ఒత్తు తీయడానికి చాలామందికి మనసొప్పదు. ఐదు సెంటీమీటర్లకు ఒక మొక్క చొప్పున, కురోడా అయితే ఏడు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉంచి మిగతావాటిని కత్తెరతో మొదట్లో కత్తిరించాలి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. కత్తిరించిన లేత ఆకును కొత్తిమీరతో కలిపి రోటి పచ్చడిలో వేసుకోవచ్చు. గడ్డ ఊరేటప్పుడు భుజాలు మట్టి పైకి తేలితే ఎండకు పచ్చబడి చేదెక్కుతాయి కాబట్టి మట్టి ఎగదోస్తూ ఉండాలి. నీరు ఒక వారం కట్టేసి, తర్వాతి వారం ఒక్కసారి ముంచెత్తితే గడ్డ నిలువునా పగులుతుంది. మన మిద్దె తోటల్లో మరో పెద్ద బెడద వేరుబుడిపె నులిపురుగు. టమాటా, బెండ వేసిన పాత మట్టిలో ఇది ఉండిపోయి క్యారెట్ నిండా బుడిపెలు తెస్తుంది. అటువంటి మట్టిని వేసవిలో పలచగా పరిచి ఎండబెట్టి, వేపపిండి కలిపి, ఒక పంటకాలం బంతిపూల మొక్కలు పెంచిన తర్వాతే క్యారెట్‌కు వాడటం మంచిది.

ఇక సెలరీ. దీని పూర్వీకురాలు మధ్యధరా తీరాల్లో, యూరప్‌లో చిత్తడి నేలల్లో, కాలువ గట్ల మీద పెరిగే ఒక అడవి మొక్క. ఎన్ని శతాబ్దాలు మనిషి చేతిలో మారినా ఆ చిత్తడి అలవాటు దానిని వదలలేదు. వేళ్లు లోతుకు పోవు, పై నాలుగంగుళాల్లోనే అల్లుకుంటాయి, అక్కడ ఎప్పుడూ తడి ఉండి తీరాలి. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణం 19వ శతాబ్దం చివరలో సెలరీ నగరంగా ప్రసిద్ధి కెక్కడానికి కూడా అక్కడి చిత్తడి భూములే కారణం. నెదర్లాండ్స్ నుంచి వలస వెళ్లిన రైతులు ఆ నీటిని కాలువలతో అదుపు చేసి నల్లని మెత్తటి నేలలో ఈ పంట పండించారు. చల్లని వేసవి, ఎండని నేల రెండూ ఉన్న చోట ఎదిగిన కాడల సెలరీని కాంక్రీటు మిద్దె మీదికి తెచ్చి అదే కాడను ఆశించడం ఆ మొక్కకు అన్యాయం చేయడమే.

సెలరీలో మూడు తరహాలున్నాయి. సూపర్ మార్కెట్లో కట్టగా కనిపించే లావు కాడల తరహాలో టాల్ యూటా 52-70, గోల్డెన్ సెల్ఫ్ బ్లాంచింగ్ వంటివి ప్రసిద్ధమైనవి. మొదటిది ముదురాకుపచ్చ, నాటాక సుమారు 100 రోజులు తీసుకుంటుంది. రెండోది లేత పసుపు, రెండు మూడు వారాలు ముందే వస్తుంది, ప్రత్యేకంగా కాడలకు కాగితం చుట్టి ఎండ తగలకుండా చేయనవసరం లేదు. గడ్డ కోసం పెంచే సెలెరియాక్ రెండో తరహా, దానికి చల్లని వాతావరణం ఇంకా ఎక్కువ కాలం కావాలి గనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను. మూడోది ఆకు సెలరీ. దీన్ని చైనా సెలరీ అని కూడా అమ్ముతారు. సన్నని కాడలు, గుబురు ఆకు, కాడల సెలరీ కంటే ఘాటైన వాసన, వేడిని కొంత ఓర్చుకునే గుణం దీనివి. నాటిన రెండు నెలల నుంచి పై ఆకు కోసుకుంటూ పోతే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది.

నారుకు రెండున్నర నెలలు, నాటాక గోల్డెన్ సెల్ఫ్ బ్లాంచింగ్‌కు మరో మూడు నెలల దాకా కలిపితే, అక్టోబరు మధ్యలో వేసిన విత్తనం మార్చి చివరికి కోతకు వస్తుంది. అప్పటికి పగటి ఎండ 36 డిగ్రీల దాకా ఉంటుంది, కాడ పీచెక్కి చేదవుతుంది. ఆగస్టులోనే విత్తి లెక్కను వెనక్కి జరుపుదామంటే మొలక దగ్గరే అడ్డం పడుతుంది. సెలరీ విత్తనం 25 డిగ్రీలు దాటితే నిద్రలోకి జారుకుంటుంది, మన ఆగస్టు రాత్రులు కూడా దాదాపు 23 డిగ్రీలుంటాయి. ఎటు జరిపినా రెండు కొసలు కలవవు. బెంగళూరులోనో, అరకు, లంబసింగి వంటి ఎత్తు ప్రదేశాల్లోనో ఉన్నవారి లెక్క వేరు. మైదానంలో ఉన్న మనం ఆకు సెలరీతో సంతృప్తి పడటమే సబబని నా నిశ్చితాభిప్రాయం. మన వంటకు నిజంగా కావలసింది కూడా ఆ ఆకే. ఫ్రైడ్ రైస్‌లోకో, సూపులోకో చారెడు తరుగు వేస్తే చాలు, కాడను పచ్చిగా నమిలే అలవాటు మనకు లేదు.

మొలిపించడంలో మూడు తరహాలకూ నియమం ఒకటే. విత్తనానికి వెలుతురు తగలాలి, కాబట్టి మట్టి కప్పకూడదు. జల్లెడ పట్టిన కొబ్బరి పొట్టును ట్రేలో నింపి, తడిపి, విత్తనాన్ని పైన చల్లి, అరచేతితో మెల్లగా అదిమి వదిలేయాలి. చల్లే ముందు ఒక రోజు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే వేడి వల్ల వచ్చే నిద్ర చాలావరకు వదులుతుంది. పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా ఉండటం సెలరీ మొలకకు మేలు చేస్తుంది గనుక అక్టోబరు చివరి వారం నుంచి ట్రేను నీడలో, ఆరుబయట పెట్టడమే మంచిది. పైనుంచి నీళ్లు పోస్తే ఇంత చిన్న విత్తనం ఒక మూలకు కొట్టుకుపోతుంది కాబట్టి ట్రేను నీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టి కిందనుంచి తడి ఎక్కేలా చేయాలి. మొలిచిన నెల దాకా మొక్క గోరంత కూడా పెరగదు. ఐదారు నిజమైన ఆకులు వచ్చాక వెడల్పైన తొట్టిలో జానెడు దూరంలో నాటి, తొట్టి అడుగున పళ్లెం ఉంచి, మధ్యాహ్నపు ఎండ తగలని చోటుకు మార్చాలి.

పెరిగే దశలో సెలరీకి రెండు లోపాలు తరచుగా వస్తాయి. లోపలి లేత ఆకుల కొసలు నల్లబడితే సున్నపు ధాతువు అందలేదని అర్థం, మట్టిలో సున్నం ఉన్నా తడి హెచ్చుతగ్గుల వల్ల మొక్క దాన్ని తీసుకోలేకపోవడమే సాధారణంగా కారణం. కాడ మీద అడ్డంగా గోధుమ రంగు పగుళ్లు వస్తే బోరాన్ లోపం. వేడి పెరిగాక పేనుబంక, ఎర్రనల్లి కూడా వస్తాయి. ఇంకొక సంగతి కూడా చెప్పాలి: సెలరీ రసం చర్మం మీద పడి ఎండ తగిలితే కొందరికి బొబ్బలు వస్తాయి. ఎక్కువ మొత్తంలో కోసేవారు సాయంత్రం పూట కోసి చేతులు కడుక్కోవడం మంచిది.

విత్తనం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు ఒక ఆసక్తికరమైన జవాబు మసాలా దుకాణంలో ఉంది. సెలరీ గింజ పంట మన దేశంలో ప్రధానంగా పంజాబులో, అమృత్‌సర్ చుట్టుపక్కల జిల్లాల్లో పండుతుంది, అక్కడి నుంచి విదేశాలకు మసాలాగా ఎగుమతి అవుతుంది. ఆ గింజ మొలిస్తే వచ్చేది సన్నకాడ, గుబురాకు మొక్కే, అంటే మనకు కావలసిన ఆకు తరహాకు దగ్గరిదే. అయితే మసాలా కోసం ఆవిరి పట్టిన గింజ మొలవదు, పచ్చి గింజ అయినా ఎన్నాళ్ల నిల్వో తెలియదు. అజ్‌మోద్ పేరుతో అమ్మేది ఎప్పుడూ సెలరీయే అని నమ్మడానికి లేదు, బెంగాలీలు వాడే రాధుని గింజకూ ఆ పేరు చెల్లుతోంది. చిటికెడు గింజలను తడి కాగితంలో మొలక పరీక్ష చేసి చూశాకే ట్రే నింపడం ఉత్తమం.

క్యారెట్ విషయంలో నేను ప్యాకెట్ వెనుక చూసేది రెండే సంగతులు: పరీక్ష తేదీ, మొలక శాతం. ధ్రువీకరించిన క్యారెట్ విత్తనానికి మన దేశంలో కనీస మొలక ప్రమాణం 60 శాతమే. అంటే కొత్త ప్యాకెట్టులో కూడా పదింట నాలుగు మొలవకపోవచ్చని ముందే తెలుసుకుని ఆ మేరకు చల్లుకోవాలి. నిల్వలో క్యారెట్ విత్తనం మూడేళ్లకు మించి ఆధారపడదగినది కాదు. మన వానాకాలపు తేమలో విప్పిన ప్యాకెట్ ఒక్క ఏడాదికే నీరసిస్తుంది. గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం తప్ప మార్గం లేదు. అమెరికా నుంచి వచ్చే బంధువులను విత్తనాలు తెమ్మని అడిగే అలవాటు మన తోటకారుల్లో బాగా ఉంది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ విత్తనం తేవడానికి అనుమతి పత్రం, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పైగా అక్కడి రకాలు అక్కడి చలిని లెక్కలో పెట్టుకుని రూపొందినవి.

సొంత విత్తనం కట్టుకోవాలన్న కోరిక తోటకారులందరికీ కలుగుతుంది. క్యారెట్ మొదటి ఏడాది గడ్డ ఊరి, చలి తగిలాక రెండో ఏడాది పూసే మొక్క. యూరప్ రకాలకు పది డిగ్రీల లోపు చలి వారాల తరబడి కావాలి. అందుకే నాంటిస్ విత్తనం హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ వంటి చోట్ల తయారవుతుంది, మన మిద్దె మీద ఎన్నాళ్లు ఉంచినా గడ్డ గట్టిపడుతుందే తప్ప పూత కాడ రాదు. ఆసియా రకాలకు మైదానపు చలి సరిపోతుంది కాబట్టి పూసా కేసర్, రుధిర వంటివాటిని డిసెంబరులో తీసి, పై ఆకును, కింది కొసను కోసి, భుజం వైపు భాగాన్ని మళ్లీ పాతితే వేసవి మొదట్లో తెల్లని గొడుగు పూత పూస్తుంది. మొదటి గొడుగులోని విత్తనమే నాణ్యమైనది. తేనెటీగలు పక్క మిద్దె మీది పూత నుంచి పుప్పొడి తెస్తాయి కాబట్టి ఎరుపూ నలుపూ ఒకేసారి పూయనిస్తే పిల్ల మొక్కల రంగు ఏదవుతుందో చెప్పలేం. రెండు మూడు మొక్కల నుంచే తీస్తూ పోతే కొన్ని తరాల్లో గడ్డ బలహీనపడుతుంది. మిద్దె మీద ముప్పై మొక్కలను విత్తనానికి వదలగలిగినవారు అరుదు. హైబ్రిడ్ ప్యాకెట్ అయితే ఈ ప్రయత్నమే వద్దు, ఆ మొక్కల్లో పుప్పొడి లేనివి కూడా ఉంటాయి.

ఈ లెక్కలన్నీ వేసుకున్నాక వచ్చే అక్టోబరుకు నా జాబితా చిన్నదే. నాలుగు గ్రో బ్యాగుల్లో కురోడా, వాటిలో రెండింటిలో మాత్రం నవంబరు చివరలో విత్తడం, సగం డ్రమ్ములో రుధిర, పళ్లెం మీద కూర్చున్న ఒక వెడల్పు తొట్టిలో ఆకు సెలరీ. ఫిబ్రవరిలో క్యారెట్ బ్యాగులు ఖాళీ అయిన వెంటనే వాటిలోకి తోటకూర వస్తుంది. సెలరీ తొట్టిని మాత్రం తూర్పు గోడ నీడలోకి జరిపి షేడ్‌నెట్ కట్టి, ఏప్రిల్ దాకా ఆకు కోసుకుంటాను.